‘వేర్’ అనే క్రియ దగ్గర పరీక్ష: రెండున్నరేళ్లు వాడిన ఇంగ్లీష్–కొరియన్ డిక్షనరీ యాప్

దక్షిణ కొరియాలోని సువాన్‌లో మా పక్క ఫ్లాట్ అమ్మాయి మిడిల్ స్కూల్లో చేరినప్పటి నుంచి సాయంత్రాలు నా దగ్గర ఇంగ్లీష్ చదువుకుంటోంది. రెండున్నరేళ్లుగా ఇద్దరం ఒకే డిక్షనరీ యాప్ వాడుతున్నాం. డిక్షనరీ మంచిదా కాదా అని చూడాలంటే నేను ‘వేర్’ (wear, ఒంటి మీద వేసుకోవడం) అనే క్రియ తీస్తాను.

కొరియన్‌లో దానికి ఒక్క మాట సరిపోదు. చొక్కాకి ఇప్తా, బూట్లకి సిన్తా, టోపీకి స్సుదా, ఉంగరానికి క్కిదా, వాచీకి ఛాదా. మనం చీర కట్టుకుని, చొక్కా తొడుక్కుని, కళ్లజోడు పెట్టుకున్నట్టే. వీటన్నిటినీ యాప్ ఉదాహరణలతో సహా చక్కగా చూపిస్తుంది, పలికి వినిపిస్తుంది. సెంటుకి కూడా ఇంగ్లీష్‌లో ఇదే క్రియ వాడతారని ఆ అమ్మాయికి అక్కడే తెలిసింది. కొరియన్‌లో సెంటు చల్లుకుంటారు.

చిక్కు ఇంకోచోట వచ్చింది. ‘ఇప్తా’ అంటే బట్టలు వేసుకునే పని. ఇంగ్లీష్ ‘వేర్’ మామూలుగా చెప్పేది వేసుకుని ఉండటం. వేసుకునే పనికి ‘పుట్ ఆన్’ అనాలి. యాప్‌లో మాత్రం ‘వేర్’కి ఎదురుగా మొదట కనిపించేది ‘ఇప్తా’నే. దాంతో ఆ అమ్మాయి ‘ఐ వోర్ మై కోట్ అండ్ వెంట్ అవుట్’ అని ఆరు నెలల పాటు రాసింది. చివరికి నాకు దారి చూపించింది తెలుగే. కొరియన్‌లో ‘ఇప్కో ఇత్తా’ అంటారు. ‘ఇప్కో’ అంటే వేసుకుని, ‘ఇత్తా’ అంటే ఉండటం. మన ‘వేసుకుని ఉంది’తో ముక్కకి ముక్క సరిపోతుంది! ‘వేర్’ పక్కన ‘ఇప్కో ఇత్తా’ అని రాయించాక ఆ తప్పు మళ్లీ రాలేదు.

మాట పుట్టుక గురించి యాప్‌లో ఒక్క ముక్క లేదు. నాకు బాధగా అనిపించేది ఇదే. పాత ఇంగ్లీష్‌లో ఇది ‘వెరియన్’. లాటిన్‌లో బట్టకి ‘వెస్టిస్’, సంస్కృతంలో ‘వస్త్రం’, అన్నీ ఒకే మూలం నుంచి వచ్చినవి. వోర్, వోర్న్ రూపాలు మొదట్లో లేవు. బేర్, స్వేర్ లాంటి క్రియలను చూసి తర్వాత వచ్చాయి. ఇది చెప్పి ఆ మూడింటినీ కలిపి చదివిస్తే ఒక్క రోజులో నోటికి వచ్చేశాయి.

బూట్లు అరిగిపోవడానికీ ‘వేర్ అవుట్’ ఎందుకంటారని మొన్న అడిగింది. యాప్‌లో అర్థం ఉంది, కారణం లేదు. వేసుకోగా వేసుకోగా అరుగుతాయి కదా అన్నాను. తన బూట్ల అడుగు తిప్పి చూసుకుంది.