పెళ్లి మేకప్ ట్రయల్ తీసుకోవాలా వద్దా: చెన్నైలో మా ఇంటి పెళ్లిళ్లు చూశాక

ముందే చెప్పేస్తాను. ట్రయల్ అంటే పెళ్లికి ముందే ఒకరోజు అదే ఆర్టిస్టుతో మేకప్, జడ వేయించుకుని చూసుకోవడం. చెన్నైలో, తెల్లవారుజాము ముహూర్తానికి, మన తెలుగు పద్ధతిలో పెళ్లి అయితే ట్రయల్ తీసుకోండి. రిసెప్షన్‌కి మాత్రమే మేకప్ అయితే అక్కర్లేదు. ట్రయల్ అనగానే అందరూ ముఖం గురించే ఆలోచిస్తారు. నన్నడిగితే దాని అవసరం జడకే ఎక్కువ.

మేం నెల్లూరు నుంచి వచ్చి మద్రాసులో స్థిరపడ్డవాళ్లం. నా పెళ్లి, తర్వాత మా చెల్లిది, ఆడపడుచుది, పిన్ని కూతుళ్లవి అన్నీ ఇక్కడి మండపాల్లోనే జరిగాయి. మేకప్ వాళ్లని వెతకడం, బేరం మాట్లాడటం, ట్రయల్ రోజు పక్కన కూర్చోవడం, ఆ పనంతా నా మీదే పడుతూ వచ్చింది. ట్రయల్ తీసుకున్న పెళ్లిళ్లూ చూశాను, తీసుకోనివీ చూశాను. మేం ట్రయల్‌కి ఇచ్చింది మూడు వేల నుంచి ఆరు వేల దాకా. బుకింగ్ ఖాయమయ్యాక కొందరు ఆ డబ్బు మొత్తంలో తగ్గించారు, కొందరు తగ్గించలేదు. అడ్వాన్స్ ఇవ్వకముందే ఈ సంగతి అడిగి తేల్చుకోవాలి.

మన పెళ్లిలో అమ్మాయి తల మీద ఏమేం జరుగుతాయో ఒకసారి వరసగా తలుచుకోండి. తెల్లవారకముందే నలుగు పెట్టి మంగళస్నానం, అంటే తలంటు. ఆ జుట్టుకే జడ. నుదుట కల్యాణ తిలకం, దానిపైన బాసికం, దాని దారం చెవుల మీదుగా వెనక్కి తీసి ముడి. సుముహూర్తానికి నడినెత్తిన జీలకర్ర బెల్లం. మా ఇళ్లలో ఆ తర్వాత పట్టుచీర మార్చి మధుపర్కాలు కడతారు. మళ్లీ తలంబ్రాలు, దోసిళ్ల కొద్దీ పసుపు బియ్యం తల మీద పోస్తారు. పక్కన హోమం పొగ. ఏసీ స్టూడియోలో కుర్చీలో కూర్చోబెట్టి తీసిన ఫొటోలో వీటిల్లో ఒక్కటీ ఉండదు. ట్రయల్‌కి వెళ్లి, అద్దంలో చూసుకుని, బాగుందనుకుని, ముఖం కడుక్కుని వచ్చేస్తే ఇచ్చిన డబ్బుకి ఏమీ దక్కనట్టే.

మా చెల్లిని ట్రయల్ అయ్యాక ఆ అలంకారంతోనే ఇంటికి తీసుకొచ్చాం. పిన్ని జీలకర్ర, బెల్లం నూరి తమలపాకులో పెట్టి, చెల్లి నడినెత్తిన అదిమి, పంతులుగారు మంత్రాలు చదివేంతసేపు చెయ్యి తియ్యకుండా పట్టుకుంది. మొదట బాగానే ఉంది. కాసేపటికి బెల్లం ఒంటి వేడికి కరిగి, పాపిట వెంట సన్నగా దిగి, పాపిటబిళ్ల కింద చేరింది. అక్కడ జుట్టు మొదళ్ల దాకా ఫౌండేషన్, అంటే ముఖమంతా ఒకే రంగులో కనపడేలా పూసే క్రీము, మందంగా వేసి ఉంది. బెల్లం నీళ్లు దాన్ని కలుపుకుని నుదుటి మీదకి చిన్న గీతలా జారాయి. తుడవబోతే ఆ మేరకి రంగంతా లేచొచ్చి కింద చర్మం కనపడింది. నెత్తిన ఎత్తుగా పెట్టిన పఫ్ కూడా చెయ్యి ఆనిన చోట గుంట పడింది.

ఫొటోలు తీసి ఆర్టిస్టుకి పంపాం. ఆవిడ తమిళావిడ, పనిమంతురాలు. "తలమీద పెడతారని తెలుసక్కా, అంతసేపు పట్టుకుంటారని తెలీదు" అంది. పెళ్లిరోజు పఫ్ మానేసి జుట్టు నున్నగా దువ్వి పాపిట తీసింది. నుదుటి అంచున ఫౌండేషన్ పలచగా వేసి పౌడరుతో గట్టిగా సెట్ చేసింది. మడిచిన టిష్యూలు పిన్ని చేతికిచ్చి, తుడవొద్దు, అద్దండి చాలు అని చెప్పి పీటల వెనక నిలబెట్టింది. ముహూర్తం ఫొటోల్లో చెల్లి నుదురు శుభ్రంగా ఉంది. ట్రయల్‌కి పెట్టిన డబ్బు ఎందుకు పెట్టామో నాకు అక్కడ తెలిసింది.

ఇక జడ. చాలామంది హెయిర్ స్టయిలిస్టులు తలస్నానం ముందురోజే చేసి రమ్మంటారు. అప్పుడే కడిగిన జుట్టు జారిపోతుంది, పిన్ను నిలవదు, ఆ మాట నిజమే. కానీ మన అమ్మాయికి తలంటు ఆ రోజే. ట్రయల్‌కి ముందురోజు కడిగిన జుట్టుతో వెళ్తే అక్కడ చూసేది ఒక జుట్టు, పెళ్లినాడు దొరికేది ఇంకో జుట్టు. అందుకే మేం ట్రయల్‌కి కూడా అదే పూట తలంటు పోసుకుని వెళ్లమంటాం. మద్రాసు గాలిలో తేమకి ఒత్తు జుట్టు ఎంతకీ ఆరదు, డ్రయ్యర్ పెట్టినా మొదళ్లలో తడి ఉండిపోతుంది. ఆరడానికి ఎంతసేపు పడుతుందో, జడకి ఎంత, ముఖానికి ఎంత, చీర కుచ్చిళ్లకి ఎంత, అన్నీ గడియారం చూసి రాసుకోండి. ముహూర్తం 5:40 అనుకుందాం. గౌరీపూజకి నాలుగింటికల్లా అమ్మాయి తయారై ఉండాలి. మేకప్, జడ కలిపి రెండున్నర గంటలంటే ఒంటిగంటన్నరకి కుర్చీలో కూర్చోవాలి. అంటే తలంటు పన్నెండున్నరకి. ఈ లెక్క ముందే తెలిస్తే ఆర్టిస్టుకి మండపంలోనే రాత్రి గది ఇవ్వాలో వద్దో తేలుతుంది, మంగళస్నానం ఎప్పుడు చేయించాలో పెద్దవాళ్లతో మాట్లాడుకోవచ్చు. ఈ ఒక్క లెక్క కోసం ట్రయల్ తీసుకున్నా తప్పులేదంటాను.

పూలజడ బరువు గురించి ఎవరూ చెప్పరు. మల్లెమొగ్గలతో, కనకాంబరాలతో నడుము కింద దాకా కుట్టిన జడ, దాని మీద జడబిళ్లలు, చివర జడకుప్పెలు. జుట్టు పలచగా ఉండి సవరం పెట్టిన అమ్మాయికి ఆ బరువంతా నాలుగు పిన్నుల మీదే వేలాడుతుంది. మా ఆడపడుచుకి తలంబ్రాల వేళకే వెనక జడ దిగడం మొదలైంది. ఆ అమ్మాయి కుడిచేత్తో తలంబ్రాలు పోస్తూ ఎడంచేత్తో జడ ఎత్తి పట్టుకున్న ఫొటో ఇప్పటికీ ఆల్బమ్‌లో ఉంది. ట్రయల్‌కి కోయంబేడు నుంచి పూలు తెచ్చి జడ కుట్టించాల్సిన పనిలేదు. మీరు వాడబోయే సవరం, జడబిళ్లలు, నాగరం, చెవి నుంచి జుట్టులోకి తగిలించే చంపసరాలు తీసుకెళ్లండి. ఆ జడకి పూలజడంత బరువు వచ్చేలా ఏదైనా కట్టించుకుని, ఇంటికొచ్చి పీట మీద కూర్చుని, నలుగురి కాళ్లకి వంగి దండం పెట్టి చూడండి. మెడ వెనక ఎక్కడ లాగుతోందో, ఏ పిన్ను గుచ్చుకుంటోందో అప్పుడు బయటపడుతుంది. బాసికం కూడా ఒకటి కొని కట్టి చూడాలి. దారం చంపసరాల మీద పడి నొక్కితే చెవి పైన విపరీతమైన నొప్పి. అది తెలిస్తే చంపసరాల కొక్కెం ఇంకాస్త వెనక్కి పెడతారు.

ముఖం దగ్గర నా పట్టుదల ఒక్కటే. అమ్మాయి రంగుకి తగ్గ ఫౌండేషనే వెయ్యాలి, రెండు షేడ్లు తెలుపు చెయ్యకూడదు. ట్రయల్‌లో ఈ మాట పైకి, గట్టిగా అనండి. మన పెళ్లిలో అసలైన ఫొటో జీలకర్ర బెల్లం పెట్టుకునేటప్పుడు తీసేది. అమ్మాయి చెయ్యి ముందుకి చాచి ఉంటుంది, ముఖం దాని వెనకే. చెయ్యి ఒక రంగు, ముఖం ఇంకో రంగు ఉంటే ఏ ఎడిటింగూ దాన్ని దాచలేదు. మా పిన్ని పెద్దకూతురు చామనఛాయ, చూడముచ్చటైన ముఖం. ట్రయల్‌లో ఒక ఆర్టిస్టు ఆ పిల్లని పాలిపోయినట్టు చేసి "పెళ్లికూతురు బ్రైట్‌గా ఉండాలి" అంది. పిన్ని అక్కడికక్కడే వద్దని చెప్పి ఇంకొకరిని చూసుకుంది. పిల్ల తన ముఖంతో తను పీటల మీద కూర్చుంది. ఆర్టిస్టుని వదులుకోవడానికి కూడా ట్రయల్ పనికొస్తుంది, ఆ మొహమాటం పెట్టుకోకండి.

ఫౌండేషన్ వేసిన కాసేపటికి గాలి తగిలి, చర్మంలో జిడ్డుతో కలిసి కొంచెం ముదురుతుంది. కాబట్టి వేసిన వెంటనే ఒక ఫొటో, నాలుగు గంటలయ్యాక ఒకటి తీసి పక్కపక్కన పెట్టి చూడండి. కిటికీ వెలుగులో ఒకటి, పసుపు బల్బు కింద ఒకటి, ఫోన్ ఫ్లాష్‌తో ఒకటి. ఫ్లాష్‌లో ముఖం బూడిద పూసినట్టు తెల్లగా వస్తే, వాడిన క్రీముల్లో ఎస్పీఎఫ్ కోసం, అంటే ఎండ నుంచి కాపాడటానికి కలిపే జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్ ఉన్నాయేమో, పైన అద్దిన పౌడర్లో సిలికా ఎక్కువైందేమో అడగండి. అవి ఫ్లాష్ వెలుగుని తిప్పికొడతాయి. మార్చమంటే మారుస్తారు, చిన్న పని. లిప్‌స్టిక్ మాత్రం రెండు చీరల పక్కనా పెట్టి చూడాలి. మెరూన్ కంచిపట్టు మీద ముచ్చటగా ఉన్న ముదురు రంగు, ఎర్రంచు తెల్ల మధుపర్కాల మీద పెదవులే కనపడేలా చేస్తుంది.

ఎయిర్‌బ్రషా, హెచ్‌డీనా అని చాలామంది అడుగుతారు. ఎయిర్‌బ్రష్ కంప్రెసర్‌తో సన్నటి తుంపరలా కొట్టేది. పలచగా పడుతుంది, చెమటకి బాగా ఆగుతుంది. అయితే కన్నీళ్లకో, తుడుపుకో ఒకచోట లేచిందంటే అతుకు వెయ్యడం కష్టం. హెచ్‌డీ అనేది బ్రష్షుతో, స్పాంజితో వేసేది, మధ్యలో సరిచెయ్యడం తేలిక. అప్పగింతల్లో తప్పకుండా ఏడ్చే పిల్లలకి నేను హెచ్‌డీనే చెబుతాను. ఏది వేసుకున్నా, ట్రయల్ అయ్యాక ఏసీ కారెక్కి నేరుగా ఇంటికి రావద్దు. మధ్యాహ్నం పూట టీనగర్ బజారులో, జనంతో కిక్కిరిసే రంగనాథన్ వీధిలో కాసేపు నడిచి రండి, మండపంలో పొయ్యబోయే చెమటంతా అక్కడే పోస్తుంది. పక్కవాళ్లు చూస్తారని సిగ్గుపడాల్సిన పనిలేదు, టీనగర్‌లో ఎవరి హడావుడి వాళ్లది.

ఇప్పుడు నాకు బాగా కోపం తెప్పించిన విషయం. ఒకచోట ట్రయల్ పేరున్న ఆర్టిస్టే స్వయంగా చేసింది. అద్భుతంగా చేసింది. పెళ్లిరోజు రాత్రి అసిస్టెంట్లు ఇద్దరొచ్చారు. మేడమ్ ఇంకో మండపంలో ఉన్నారట. అదే ముహూర్తానికి రెండు పెళ్లిళ్లు ఒప్పుకున్నారన్నమాట. ఆ పిల్లల తప్పేమీ లేదు, శక్తికొద్దీ చేశారు. కానీ మేం డబ్బిచ్చి చూసింది ఆ మేడమ్ చేతిని. అప్పటి నుంచీ ట్రయల్ కాగానే వాట్సాప్‌లో రాసి పెట్టించుకుంటున్నాం: ఎవరు వస్తారు, ఎన్ని గంటలకి వస్తారు, మధుపర్కాలు మార్చేదాకా ఉంటారా, ఈ రోజు ఏ ఫౌండేషన్ ఏ షేడు వాడారు. రాయడానికి నసిగితే అడ్వాన్స్ ఇవ్వడం లేదు.

ట్రయల్ ఎవరికి అక్కర్లేదంటే, అదే ఆర్టిస్టు మీ అక్కకో వదినకో మన పద్ధతి పెళ్లికే చేసి ఉంటే, చర్మం, జుట్టు దాదాపు ఒకే తీరైతే మానేయొచ్చు. గుళ్లో చిన్నగా చేసుకునేవాళ్లకీ అవసరం లేదు. నిశ్చితార్థం ఇంకా కాని వాళ్లకి అన్నిటికన్నా మంచి దారి ఉంది. నచ్చిన ఆర్టిస్టుని నిశ్చితార్థానికే పిలవండి. ట్రయల్‌కి పెట్టే డబ్బు అసలు పనికే అక్కరకొస్తుంది, నలుగురి మధ్య, ఫొటోల మధ్య, చెమటల మధ్య చూసినట్టూ ఉంటుంది. జడ ఒక్కటి మాత్రం విడిగా చూసుకోవాలి. కొందరు పెళ్లికూతుర్ని చేసే రోజు చూద్దాంలే అంటారు. అప్పటికి ముహూర్తం ఒకటి రెండు రోజులే ఉంటుంది, నచ్చకపోయినా ఎవర్నీ మార్చలేం.

పెళ్లికి నెల, నెలన్నర ముందు తీసుకుంటే బాగుంటుంది. చివరి రెండు వారాల్లో వద్దు. కనురెప్పలు అతికించే జిగురు కొందరికి పడదు, అందులో లేటెక్స్ ఉండొచ్చు. ట్రయల్‌కి రెండు రోజుల ముందే చెవి వెనక ఆ జిగురు, ఫౌండేషన్ కొంచెం రాయించుకుని 48 గంటలు చూడండి. జుట్టుకి రంగు వేయించుకునేవాళ్లు దానికీ ఇలాగే చూసుకోవాలి. కళ్లు వాచి పీటల మీద కూర్చోవడం కంటే ఈ కాస్త ఓపిక నయం.

తేదీల విషయం చెన్నైలో ఉన్న తెలుగువాళ్లకి బాగా కలిసొస్తుంది. తమిళులకి ఆడి మాసంలో పెళ్లిళ్లుండవు, జులై మధ్య నుంచి ఆగస్టు మధ్య దాకా. మనకి ఆషాఢం అయిపోయి శ్రావణం వచ్చేస్తే ముహూర్తాలు మొదలు. 2025లో శ్రావణం జులై 25న వచ్చింది, ఆడి ఆగస్టు 16 దాకా ఉంది. అలాంటి ఏడు ఇక్కడి ఆర్టిస్టులు ఖాళీగా ఉంటారు, ట్రయల్‌కి తొందరపెట్టరు, రెండోసారి జడ వేసి చూపించమన్నా ఒప్పుకుంటారు. 2026లో అధిక జ్యేష్ఠం వల్ల శ్రావణం ఆగస్టు 13కి గానీ రాదు, ఆ వెసులుబాటు ముహూర్తానికి ఉండదు. కానీ శ్రావణంలో పెళ్లి పెట్టుకున్నవాళ్లకి ట్రయల్ తీసుకోవాల్సిన రోజులు సరిగ్గా ఆడిలోనే పడతాయి. జులై చివర్లో ఫోన్ చేసి అడగండి, వారం మధ్యలో పొద్దున పూట కావాలన్నా ఇస్తారు.