కమోడ్ పక్కన కడ్డీ: మూడేళ్లకు పైగా వాడాక

అమ్మ కోసం ఇంట్లో చేయించిన మార్పుల్లో ఒక్కటే ఉంచుకోమంటే స్నానాలగదిలో కమోడ్ పక్కన బిగించిన స్టీలు కడ్డీనే ఉంచుకుంటాను. వాలుదారి, వెడల్పు తలుపు, రాత్రి దీపం అందరికీ తెలిసినవే కాబట్టి వాటి జోలికి పోను.

మాది రాజమండ్రిలో పాత ఇల్లు. అమ్మకు ఎనభై దాటాయి, రెండు మోకాళ్లూ అరిగిపోయాయి. కడ్డీ లేనప్పుడు ఒక చేత్తో కుళాయి, రెండో చేత్తో తలుపు గడియ పట్టుకుని లేచేది. ఆ కుళాయి ఎప్పుడు ఊడి చేతికొస్తుందోనని నాకు భయంగా ఉండేది. ఇంగ్లిషు ఎల్ అక్షరం ఆకారంలో ఉన్న కడ్డీ తెచ్చాం. పొద్దున పూట అమ్మ వేళ్లు పూర్తిగా ముడుచుకోవు. అందుకని అడ్డకడ్డీ మీద ముంజేయి మోపి, బరువు ముందుకు వేసి, ఆ తర్వాత నిలువు కడ్డీ అందుకుంటుంది. కడ్డీకీ గోడకూ మధ్య ఎడం నాలుగు సెంటీమీటర్లు. వేళ్లు దూరతాయి, చెయ్యి జారి ఇరుక్కోదు. ఇంత చిన్న కొలత ఇంత పని చేస్తుందని వాడితే గాని తెలియలేదు.

ఒక వానాకాలం అమ్మ పిలిచి, "కడ్డీ కిర్రుమంటోందిరా, ఒకసారి చూడు" అంది. లాగి చూస్తే వెంట్రుకవాసి కదిలింది. చివరనున్న గుండ్రటి మూత తిప్పి తీస్తే లోపల మరలు తుప్పుపట్టి ఎర్రబడ్డాయి. ఒక మరను వేళ్లతో లాగాను. మరను పట్టి ఉంచడానికి గోడలో దించిన ప్లాస్టిక్ ప్లగ్గుతో సహా బయటికి వచ్చింది, వెనకాలే సున్నపు పొడి జలజలా రాలింది. మా గోడ సున్నంతో కట్టినది. ప్లగ్గు ఇటుకలోకి కాకుండా రెండు ఇటుకల మధ్య సందులోకి దిగింది. బిగించినతను "టైలు గట్టిదండీ, ఏనుగు వేలాడినా ఊడదు" అని నమ్మకంగా చెప్పి వెళ్లాడు. టైలు మనిషి బరువు మోయదు, మోయాల్సింది దాని వెనకున్న గోడ. అమ్మ చెవి ఆ చప్పుడు పట్టుకోకపోయి ఉంటే ఏం జరిగేదో తలచుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది.

ఈసారి వేరే మేస్త్రీని పిలిచాం. గోడ అవతల పెరడే కావడం మాకు కలిసొచ్చింది. గోడకు ఇటునుంచి అటుదాకా రంధ్రాలు చేసి పొడవాటి బోల్టులు దించి, పెరటివైపు స్టీలు పలక వేసి నట్లు బిగించాడు. బోల్టులు, నట్లు సులువుగా తుప్పుపట్టని 304 రకం స్టీలువే తెప్పించాను. అంటుకోకపోతే మంచి స్టీలేనని కొట్టువాళ్లు అయస్కాంతం పెట్టి చూపిస్తారు, దాన్ని నమ్మకండి. చవకరకం 202 కూడా అయస్కాంతానికి పెద్దగా అంటుకోదు. బిల్లు మీద రకం రాయించుకోవడమే మేలు. అప్పటినుంచి కడ్డీ కదలలేదు. అప్పుడప్పుడు నా బరువంతా వేసి లాగి చూస్తూనే ఉన్నాను. దాని మీద తువ్వాలు ఆరవేయవద్దని మాత్రం ఇంట్లో అందరితోనూ పోట్లాడుతున్నాను. కంగారులో అమ్మ చేతికి తువ్వాలు దొరికితే పట్టు జారుతుంది.

స్నానాలగది నేలకు వేయించిన గరుకు టైల్స్ గురించి కొత్తలో కనబడినవాళ్లందరికీ గొప్పగా చెప్పాను. ఇప్పుడూ బాగున్నాయనే అంటాను, కాకపోతే మా బోరు నీటికి, సబ్బుకు కలిపి ఆ గరుకులో తెల్లటి పొర కడుతోంది. తడిస్తే అదీ జారుతుంది. తరచూ గట్టి బ్రష్షుతో తోమే మనిషి ఉంటేనే వేయించుకోండి.

కడ్డీ మాత్రం తప్పకుండా పెట్టించమంటాను. అయితే మాది మందపాటి ఇటుక గోడ, అమ్మ తన కాళ్ల మీద నిలబడగలదు. అపార్టుమెంటులో సన్నగోడ ఉండి అవతల పక్కవాళ్ల గది ఉంటే మా పద్ధతి కుదరదు. అక్కడ నేల మీద బోల్టులతో నిలబెట్టే కడ్డీలు చూడవచ్చు. వాటిని నేను వాడలేదు. మనిషి సాయం లేకుండా లేవలేనివారికైతే ముందు సాయం చేసేవాళ్లు పక్కన నిలబడేంత చోటు చూడాలి, కడ్డీ సంగతి ఆ తర్వాత.