ట్రోలింగా, జిగ్గింగా? ద్వీప విహారంలో చేపల వేటకు ఏది మేలు

సెలవులకు ద్వీపానికి వెళ్తే వేటకు దొరికేది మహా అయితే ఒకటి రెండు పూటలు. అందుకే పడవ మాట్లాడుకునే ముందే పద్ధతి తేల్చుకోవాలి.

ట్రోలింగ్‌లో పడవ 6 నుంచి 9 నాట్ల (గంటకు సుమారు 11–17 కి.మీ.) వేగంతో సాగుతుంటే వెనక నాలుగైదు ఎరలు నురగలో ఈదుతూ వస్తాయి. చేప తగిలేదాకా కూర్చోవడమే పని, కొత్తవాళ్లకు హాయి. మార్లిన్, సెయిల్‌ఫిష్ లాంటి లోతు సముద్రపు పెద్ద చేపలు కావాలంటే ఇదే దారి. అయితే లోతు నీళ్లకు వెళ్లి రావడానికే చాలా సమయం పోతుంది. వాహూ అనే చేప పళ్లు నైలాన్ లీడర్‌ను (ఎరకు ముందు కట్టే ముక్కను) కత్తెరలా తెంపేస్తాయి, తీగ లీడర్ ఉందో లేదో ముందే అడగండి.

సగం రోజే ఉంటే, రీఫ్ (పగడపు దిబ్బ) దగ్గర్లోనే ఉంటే మా ఓటు జిగ్గింగ్‌కే. పడవను ప్రవాహానికి వదిలి, 150–300 గ్రాముల జిగ్‌ను, అంటే బరువైన లోహపు ఎరను, అడుగుకు దించాలి. దారం సడలిందంటే నేల తాకినట్టే. వెంటనే రీల్ తిప్పుతూ పైకి కుదుపుతూ లాగాలి. కాస్త ఆలస్యమైనా జిగ్ పగడపు బండల్లో ఇరుక్కుంటుంది. దారం ఏటవాలుగా పోతుంటే ఇంకా బరువైన జిగ్ కట్టాలి. అరగంటకే భుజాలు పట్టేస్తాయి, అది మాత్రం నిజం. పైగా ఇంజిన్ ఆపిన పడవ అలలకు ఎక్కువ ఊగుతుంది. కడుపులో తిప్పేవాళ్లకు ట్రోలింగే నయం. మాత్ర బయల్దేరడానికి గంట ముందే వేసుకోవాలి.

డ్రాగ్ (చేప లాగినప్పుడు రీల్ దారాన్ని పట్టి ఉంచే బిగువు) సంగతి రెండింటికీ ఒకటే: దారం తెగే బలంలో పావు నుంచి మూడో వంతు, స్ప్రింగ్ త్రాసుతో లాగి చూసి పెట్టాలి. చేప పరుగు మీదున్నప్పుడు కంగారుపడి బిగిస్తే దారం ఫట్‌మంటుంది.