తలనీలాల ఊళ్లో 19 వేల బ్రష్: బ్యాడ్జర్‌తో నాలుగేళ్లు

“కొండ మీద జనం వెంట్రుకలు ఊరికే ఇచ్చిపోతా ఉండారు, నువ్వు దుడ్డు పోసి తెప్పించుకున్నావా?”

పార్సిల్ విప్పగానే మా నాయన అన్న మాట ఇది. బ్యాడ్జర్ అనే అడవి జంతువు వెంట్రుకలతో చేసిన, గడ్డం గీసుకునే బ్రష్ ఒకటి, ఇంగ్లండ్ నుంచి వచ్చింది. బ్రష్ 13 వేలు, పార్సిల్ ఖర్చు, కస్టమ్స్‌కి కట్టింది అన్నీ కలిపితే 19 వేలకు రెండొందలు తక్కువ. నాయనకి పద్నాలుగొందలని చెప్పాను, దానికే ఆ మాట. అసలు ధర ఆయనకి ఇప్పటికీ తెలియదు, ఇది చదివే అలవాటు కూడా లేదు కాబట్టి ధైర్యంగా రాస్తున్నాను.

కొన్నది 2021 మార్చిలో. మంగళ, శుక్రవారాలు తప్ప దాదాపు రోజూ వాడుతున్నాను, అంటే ఈపాటికి వెయ్యి సార్లు దాటి ఉంటుంది. కంపెనీ పేరు రాయడం లేదు. నాకొచ్చిన ఇబ్బందుల్లో సగం నా చేతకానితనం వల్ల వచ్చినవే, మిగతా సగం నా ఒక్క బ్రష్‌వే కావచ్చు.

ముందు వస్తువు ఎలా ఉంటుందో చెప్తాను. సిల్వర్‌టిప్ రకం, అంటే కొసలు తెల్లగా ఉండే వెంట్రుకలు. వెంట్రుకల కట్ట అడుగున 24 మిల్లీమీటర్లు, పిడి అంచు నుంచి కొసదాకా 52. పిడి దంతం రంగు రెజిన్, చేతిలో పట్టుకుంటే చిన్న తూకం రాయిలా బరువుగా ఉంటుంది. రాలిన వెంట్రుక ఒకటి తీసి కిటికీ దగ్గర వెలుతురులో పెట్టి చూస్తే మొదట్లో తెలుపు, మధ్యలో నలుపు, కొసన మళ్లీ తెలుపు. నడుమ లావుగా ఉండి కొసకి పోయేకొద్దీ సన్నబడుతుంది. కొస సన్నం కాబట్టి చర్మానికి మెత్తగా తగులుతుంది, నడుమ లావు కాబట్టి మొత్తం కట్ట వాలిపోకుండా నిలబడుతుంది. మనం చెల్లించే డబ్బంతా ఈ ఒక్క గుణానికే.

ప్యూర్, బెస్ట్, సూపర్, సిల్వర్‌టిప్ అని రకాలు చెప్తారు గానీ వీటికి మన ఐఎస్ఐ మార్కు లాంటిదేమీ లేదు, ఒక కంపెనీ సూపర్ ఇంకో కంపెనీ బెస్ట్‌తో సమానం కావచ్చు. పేరు చూసి మోసపోకుండా కట్ట కొలతలు చూసుకోండి. బ్రష్‌లు చేసే పాత కంపెనీలు ఇంగ్లండ్‌లో కెంట్ 1777 నుంచి, సింప్సన్ 1919 నుంచి, జర్మనీలో మ్యూలే 1945 నుంచి ఉన్నాయి. పిడి ఎక్కడ చెక్కినా వెంట్రుకలు మాత్రం ఎక్కువగా చైనా నుంచే వస్తాయి.

అసలు ఎందుకు కొన్నానంటే మెడ కింద మంట. పదిహేనేళ్లు మా తిరుపతి గాంధీ రోడ్డులో కొన్న అరవై రూపాయల నైలాన్ బ్రష్, ట్యూబు క్రీమ్, రెండు నిమిషాల్లో పని అయిపోయేది, ఆ తర్వాత గంటసేపు మెడ మీద ఎర్రటి పొక్కులు. పటిక రుద్దుకోవడం, ఊరుకోవడం. తర్వాత పంది వెంట్రుకల ఇటలీ బ్రష్ ఒకటి తెప్పించాను, ఎనిమిది వందలేమో, అది బాగానే ఉండేది. అక్కడితో ఆగిపోయి ఉంటే ఈ కథ లేదు. ఒకసారి ఈ పిచ్చి పట్టాక రాత్రి పన్నెండింటికి ఫోన్‌లో బ్రష్‌ల ఫొటోలు చూస్తూ కూర్చునే స్థితికి వస్తాం. మా ఆవిడ చీరలు చూస్తే నేను బ్రష్‌లు చూసేవాణ్ణి, ఎవరి కార్ట్ వాళ్లది.

మొదటి వారం మూడు దెబ్బలు తగిలాయి. ఒకటి, వాసన. తడిపితే వానలో తడిసిన మేక పక్కన నిలబడ్డట్టు ఉంటుంది. సబ్బు నురగ పట్టించి ఒక రాత్రి అలాగే ఉంచి కడిగితే తగ్గుతుంది, నాకు వాసన పూర్తిగా పోవడానికి ఐదు రోజులు పట్టింది. రెండు, వెంట్రుకలు రాలడం. మొదటి రోజు పద్నాలుగు, రెండో రోజు తొమ్మిది, లెక్కపెట్టి మరీ టెన్షన్ పడ్డాను. రెండు వారాలకి ఆగిపోయింది. కట్టలో జిగురు అందనివి మొదట్లో రాలిపోతాయి, కంగారు పడనక్కర్లేదు. మూడోది నా తప్పు. స్టవ్ మీద మరిగిన నీళ్లు మగ్‌లో పోసి బ్రష్ ముంచేశాను. వేడినీళ్లంటే ఎంత వేడో నాకెవరూ చెప్పలేదు. బయటికి తీస్తే ఒక పక్క కొసలు పొయ్యి సెగ తగిలిన ఈకల్లా ముడుచుకున్నాయి. ఆ పక్క ఇప్పటికీ కొంచెం గరుకుగానే తగులుతుంది. పసిపిల్లకి స్నానం పోసేటప్పుడు మణికట్టు మీద నీళ్లు పోసుకుని చూస్తాం కదా, ఆ వేడి చాలు.

ఇక అసలు గోల నీళ్లది. మాది బైరాగిపట్టెడలో అపార్ట్‌మెంట్, బోరు నీళ్లు. కొళాయిలకి తెల్లగా సున్నం పేరుకుంటుంది, గీజర్ కాయిల్ రెండేళ్లకోసారి మార్చాల్సిందే. ఆ నీళ్లతో ఈ బ్రష్, మంచి ఖరీదు సబ్బు పెట్టి గిన్నెలో తిప్పితే నురగ రాలేదు. పలచగా, విరిగిన పాలలా ఏదో వచ్చింది, మొహానికి రాసేలోపు ఆరిపోయింది. మూడు వారాలు ఇదే తంతు. నా నైలాన్ బ్రష్‌తో ట్యూబు క్రీమ్ బాగానే నురిగేది కాబట్టి తప్పంతా బ్రష్‌దే అనుకున్నాను. అమ్మినవాళ్లకి పెద్ద మెయిల్ రాశాను, ఫొటోలు పెట్టాను, వాళ్లు మర్యాదగా ఒకే ప్రశ్న అడిగారు: మీ నీళ్లు ఎలాంటివి?

ఆ రోజు ఆర్వో క్యాన్ నుంచి అర చెంబు పట్టుకుని కూర్చున్నాను. అదే సబ్బు, అదే బ్రష్, అదే చేయి. ముప్పై సెకన్లు సబ్బు మీద తిప్పి, గిన్నెలో నాలుగైదు చుక్కలు వేసుకుంటూ తిప్పితే నిమిషంలో గిన్నె నిండింది. చిలికిన మీగడలా, గిన్నె బోర్లించినా జారనంత చిక్కగా. సిగ్గేసింది. బోరు నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి కరగని తెట్టులా మారతాయి, నురగ అవ్వాల్సిన సబ్బు ఆ తెట్టుకే ఖర్చయిపోతుంది. ట్యూబు క్రీములో ముందే నీళ్లు కలిసి మెత్తగా ఉంటుంది కాబట్టి ఎలాగో నెట్టుకొచ్చింది, గట్టి సబ్బుకి అది కుదరదు. అప్పట్నుంచి మున్సిపల్ కొళాయి వచ్చిన రోజు ఒక సీసా పట్టి పెట్టుకుంటాను, లేదంటే ఆర్వో నీళ్లే. బోరు నీళ్లతో కడిగిన రోజుల్లో వెంట్రుకల మొదట్లో తెల్లగా పొర పేరుకునేది. నెలకోసారి మగ్గు నీళ్లలో రెండు చెంచాల వెనిగర్ వేసి ఐదు నిమిషాలు ఆడిస్తే పోతుంది.

నీళ్లు సరిపడ్డాక బ్రష్ ఏంటో తెలిసింది. గోరువెచ్చటి నీళ్లలో రెండు నిమిషాలు నాని, రెండు సార్లు విదిలించి, మొహం మీద గుండ్రంగా తిప్పితే వెచ్చటి తడి బట్ట కప్పినట్టు ఉంటుంది. బ్రష్ కడుపులో నీళ్లు, నురగ దాచుకుంటుంది, ఒకసారి పట్టిస్తే మూడు సార్లు గీసుకోవడానికి సరిపోతుంది. ముక్కు కింద అడ్డంగా, సున్నం వేసే కుంచె లాగినట్టు అటూ ఇటూ లాగితే కొసలు ఆ గుంటలోకి చేరి మీసం అంచు కింద వెంట్రుకని కూడా లేపుతాయి. గడ్డం కింద, చర్మం ముడతపడే చోట, నైలాన్ బ్రష్ పైపైన జారిపోయేది, ఇది లోపలికి దిగుతుంది. మెడ మంట తగ్గింది. అయితే ఆ పేరు మొత్తం బ్రష్‌కి ఇవ్వలేను, నురగ కోసం నాలుగు నిమిషాలు ఆగడం వల్ల గడ్డం నాని మెత్తబడింది, నేను కూడా బ్లేడు నొక్కడం మానేశాను. పంది బ్రష్‌తో ఇదే ఓపిక చూపిస్తే ముప్పావు వంతు లాభం అప్పుడే వచ్చేదేమో.

ఒకసారి మా వీధి సెలూన్ అన్నకి చూపించాను. పిల్లి తోకా సామీ అని నవ్వి, మణికట్టు లోపలి వైపు రెండు సార్లు నొక్కి చూసుకున్నాడు. “మెత్తగానే ఉండాది గానీ నాకు పనికిరాదు. ఒకరికి పెట్టినాక కడిగి ఇంకొకరికి పెట్టాల, ఇది ఆరేలోపల పొద్దు గూకతాది.” నిజమే. ఇది ఆరడానికి పూర్తిగా ఒక రోజు పడుతుంది. పిండకూడదు, మెలిపెట్టకూడదు, పిడికిట్లో పట్టి మెత్తగా నొక్కి, విదిలించి, గాలి తగిలే చోట నిలబెట్టాలి. మంగళ, శుక్రవారాలు గడ్డం గీసుకోకూడదన్న పెద్దవాళ్ల పద్ధతి మా ఇంట్లో బ్రష్‌కి బాగా ఉపయోగపడింది, వారానికి రెండు సెలవులు.

నాయన వాదన ఇంకోరకం. కల్యాణకట్టలో టోకెన్‌తో పాటు బ్లేడు ఇస్తారు, నెత్తిన ఇన్ని నీళ్లు పోసి తడుపుతారు, నురగా లేదు బ్రష్షూ లేదు, చూస్తుండగానే గుండు అయిపోతుంది, నీ గడ్డం ఏమైనా అంతకన్నా పెద్దదా అంటాడు. దీనికి నా దగ్గర జవాబు లేదు. వాళ్ల చేయి అలాంటిది, రోజంతా అదే పని.

మా ఆవిడది వేరే అభ్యంతరం, జంతువు వెంట్రుకలు, జబ్బులు రావా అని. వెతికితే ఆమె అనుమానం గాల్లోంచి పుట్టింది కాదని తేలింది. మొదటి ప్రపంచయుద్ధం రోజుల్లో బ్యాడ్జర్ వెంట్రుకలు దొరక్క, సరిగ్గా శుద్ధి చెయ్యని గుర్రపు వెంట్రుకలతో దాన్ని పోలిన బ్రష్‌లు చేసి అమ్మితే అమెరికాలో, బ్రిటన్‌లో కొందరికి ఆంత్రాక్స్ అనే ప్రాణాంతకమైన జబ్బు సోకింది. ఇప్పుడు వెంట్రుకల్ని శుద్ధి చేసే వాడతారు. ఆ భాగం చెప్పేసరికే ఆమె బ్రష్‌ని బాత్రూం అద్దం దగ్గర్నుంచి బాల్కనీ గూట్లోకి మార్చేసింది. జంతువుని చంపి తీసిన వెంట్రుక కదా అన్న రెండో ప్రశ్నకి మాత్రం నేను సర్దిచెప్పలేకపోయాను. కొనేటప్పుడు ఆలోచించలేదు, ఇప్పుడు ఆలోచిస్తే సుఖంగా లేదు.

బాల్కనీ గూడు వల్ల ఇంకో తంటా వచ్చింది. 2021 నవంబరు వానలు గుర్తున్నాయిగా, తిరుపతి వీధులన్నీ ఏరులయ్యాయి, శ్రీవారి మెట్టు దారి దెబ్బతిని నెలల తరబడి మూసేశారు. ఆ వారం కరెంటు లేదు, గాలి లేదు, బ్రష్ నాలుగు రోజులు తడిగానే ఉంది. ఐదో రోజు చూస్తే కట్ట నడుమ బూజు వాసన, వేళ్లతో విడదీస్తే మొదట్లో నల్లటి చుక్కలు. కింద ఇంట్లోకి నీళ్లొచ్చి వాళ్లు సామాన్లు మేడమీదికి మోస్తుంటే నేను బ్రష్ పట్టుకుని విచారంగా నిలబడ్డానని మా ఆవిడ ఇప్పటికీ చుట్టాలకి చెప్తుంది. రెండు సార్లు వెనిగర్ నీళ్లు, ఒకసారి బేబీ షాంపూ, ఫ్యాన్ కింద రెండు రోజులు, బతికింది.

కానీ అప్పట్నుంచి కట్ట నడుమ కొంచెం కొంచెం రాలుతోంది. మూడో ఏడాదికి నడిబొడ్డున చిటికెన వేలి గోరంత గుంట పడింది. అమ్మినవాళ్లకి ఫొటో పంపితే వారంటీ రెండేళ్లే అన్నారు, మాటల్లో మర్యాద తగ్గలేదు, ఇచ్చింది మాత్రం ఏమీ లేదు. 19 వేల వస్తువు పదిహేనేళ్లు వస్తుందని నమ్మి కొన్నాను. పొడి గాలి ఉండే ఊళ్లో, మంచినీళ్లతో వాడేవాళ్లకి వస్తుందేమో.

ఈలోగా ప్రయాణాలకని పన్నెండొందలు పెట్టి సింథటిక్ బ్రష్ ఒకటి కొన్నాను. పాత నైలాన్‌లా ఉంటుందనుకుంటే పొరపాటు. నానబెట్టే పని లేదు, సగం సబ్బుతో నురగ వస్తుంది, మధ్యాహ్నానికి ఆరిపోతుంది, వాసన లేదు. బ్యాడ్జర్‌లా వెచ్చదనం దాచుకోదు, మొహం మీద కాస్త స్ప్రింగులా ఎగురుతుంది, అంతే తేడా. కళ్లు మూసుకుని చెప్పమంటే ఏది ఏదో చెప్పగలను, కానీ ఆ తేడాకి పదిహేడు వేలా అంటే, కొత్తగా కొనేవాళ్లకి వద్దనే చెప్తాను. ముందు మీ నీళ్లు చూసుకోండి, తర్వాత సింథటిక్ కొనండి, ఆర్నెల్లు వాడాక కూడా మనసు బ్యాడ్జర్ మీదే ఉంటే అప్పుడు 22 మిల్లీమీటర్లది చూడండి. 24 నా మొహానికే పెద్దది, ముక్కులోకి నురగ పోతుంది.

నా బ్రష్ సంగతి, గుంట పెద్దదయ్యేదాకా వాడతాను. తర్వాత పాత కట్ట పీకేసి అదే పిడిలో సింథటిక్ కట్ట అతికించుకోవచ్చు, విడి కట్టలు అమ్ముతారు, 24 సైజుది ఒకటి ఇప్పటికే తెప్పించి డ్రాయర్లో పెట్టాను, తొమ్మిదొందలు. ధర అడిగితే నాయనకి ఈసారి నిజమే చెప్పాను. అది కూడా ఎక్కువే అన్నాడు.