సెకండ్ హ్యాండ్ బోటు మోటారు కొంటున్నారా? డ్రమ్ములో స్టార్ట్ చేసి చూపిస్తే నమ్మకండి

మాది ఉప్పాడ. నాన్న, బాబాయి, నేను ఒకే ఫైబర్ బోటు మీద వేటకెళ్తాం. తెరచాప ఉంది, వెనక అవుట్‌బోర్డ్ మోటారు ఉంది. పాత మోటారు పోయిందని కిందటేడాది మే నెలలో ఒక షాపులో 9.9 హెచ్.పి. టూ స్ట్రోక్ మోటారు 90 వేలకు కొన్నాం. అందులో సగం అప్పు. షాపు పేరు రాయను. కానీ మాకు జరిగింది ఇంకొకరికి జరగకూడదని రాస్తున్నాను.

మే నెలలో ఎందుకు కొన్నామో మీకు తెలుసు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. బోట్లు ఒడ్డున ఉంటాయి, రిపేర్లన్నీ అప్పుడే. అమ్మేవాళ్లకీ అదే సీజను. మోటారును నీళ్ల డ్రమ్ములో పెట్టి తాడు లాగారు, ఒక్క లాగుకే స్టార్టయింది. పైన కొత్త పెయింటు, కొత్త ప్లగ్గులు. సముద్రంలో నడిపి చూస్తామంటే, "నిషేధంలో ఎలా తీసుకెళ్తారండీ" అన్నారు. సరేననుకున్నాం. పక్కనే ఉప్పుటేరులో బోటుకు తగిలించి అరగంట నడిపి చూపించమని అడగాల్సింది. అడగలేదు.

జూన్ మూడో వారంలో మొదటిసారి ఆగింది. ఇరవై నిమిషాలు బాగానే నడిచింది, తర్వాత బలం తగ్గుతూ తగ్గుతూ ఆగిపోయింది. అరగంట ఆగి లాగితే మళ్లీ స్టార్టయింది. షాపువాళ్ల మెకానిక్ ప్లగ్గులు మార్చి, కార్బొరేటర్ కడిగి ఇచ్చాడు. వారానికి మళ్లీ అదే. ఈసారి ఇంజన్‌ను చల్లబరిచి మోటారు వెనక నుంచి బయటికొచ్చే నీళ్ల ధార సన్నగా వస్తోందని చెబితే, ఉప్పు పట్టిందంటూ ఆ రంధ్రంలో తీగ పెట్టి పొడిచి పంపాడు. మూడోసారి ఒడ్డుకు ఏడెనిమిది కిలోమీటర్ల దూరంలో ఆగింది. ఇక స్టార్ట్ కాలేదు. నైరుతి గాలి గట్టిగా ఉంది. తెరచాప ఎత్తి గాలి వాటున పోయి, చీకటి పడ్డాక కోనపాపపేట దగ్గర ఒడ్డు పట్టుకున్నాం. ఫోన్లు పని చేయక ఇంట్లో అమ్మ ఎంత టెన్షన్ పడిందో చెప్పలేను. తెరచాప లేకపోతే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ భయమేస్తుంది.

తర్వాత మోటారును కాకినాడలో ఒక పెద్దాయన, మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన ప్లగ్గుల జోలికే పోలేదు. ముందు కింది భాగం విప్పి నీళ్ల పంపు చూశాడు. లోపల ఇంపెల్లర్ అని రబ్బరు చక్రం ఉంటుంది. సముద్రపు నీటిని పైకి తోడి ఇంజన్‌ను చల్లబరిచేది అదే. దాని రెక్కల్లో రెండు విరిగిపోయాయి. మిగతావి ఒక పక్కకు ఒంగి గట్టిపడిపోయాయి. విరిగిన ముక్కలు పైకి వెళ్లి నీటి దారిలో అడ్డం పడ్డాయి. ఆ ముక్కలు తీయకుండా కొత్త ఇంపెల్లర్ వేసినా మళ్లీ ఆగేదేనన్నాడు. ఇంజన్ వేడెక్కి ఆగుతుంది, చల్లారితే నడుస్తుంది. డ్రమ్ములో ఐదు నిమిషాలు, అదీ లోడు లేకుండా తిప్పితే వేడెక్కే లోపే ఆపేస్తారు. అందుకే కొనేటప్పుడు మాకేమీ తెలియలేదు.

ఇంకోటి కూడా బయటపడింది. పంకా (ప్రొపెల్లర్) విప్పితే దాని వెనక షాఫ్టు చుట్టూ నైలాన్ దారం బిగుసుకుపోయి ఉంది. వల దారం అలా చుట్టుకుంటే లోపలి సీల్‌ను కోసేస్తుంది. అక్కడి నుంచి ఉప్పునీరు గేర్లలోకి పోతుంది. గేర్ ఆయిల్ విప్పితే పాలు ఎక్కువైన టీ రంగులో కారింది. అమ్మే ముందు కొత్త ఆయిల్ పోసి ఉంటారని ఆయన అభిప్రాయం. మాకూ అలాగే అనిపిస్తోంది. రిపేర్లకు మొత్తం 27 వేలయింది, పోయిన వేట రోజులు వేరే. షాపుకెళ్తే "మీరు సరిగ్గా వాడలేదు" అన్నారు. కొన్నప్పుడు కాగితం రాయించుకోలేదు కాబట్టి గట్టిగా అడగలేకపోయాం.

కాబట్టి కొనేవాళ్లు దయచేసి నీళ్లలో, బోటుకు తగిలించి, కనీసం అరగంట లోడు మీద నడిపి చూడండి. వెనక నీళ్ల ధార మొదటి నిమిషంలో ఎలా ఉందో చివర్లోనూ అలాగే ఉండాలి. తర్వాత గేర్ ఆయిల్ కింది స్క్రూ విప్పించి రంగు చూడండి, ఇనప రజను ఉందేమో వేళ్ల మధ్య రుద్ది చూడండి. పంకా విప్పమనండి. సిలిండర్ లోపలి ఒత్తిడిని కొలిచే కంప్రెషన్ మీటరు పెట్టించండి, రెండు సిలిండర్లకూ దాదాపు ఒకటే రావాలి. ఇవేవీ వద్దన్నవాళ్ల దగ్గర కొనకండి, ఎంత తక్కువకు ఇచ్చినా సరే. మోటారు మీది నంబరు ప్లేటు గీకేసి ఉన్నా అంతే. బిల్లు మీద ఆ నంబరు, ఎన్నాళ్ల గ్యారంటీ అన్నది రాయించుకోండి.

పెట్రోలు గురించి కూడా చెప్పాలి. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసినది. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. సముద్రం పక్కన ట్యాంకు రోజుల తరబడి ఉంటే నీళ్లూ ఇథనాలూ విడిపోయి అడుక్కి దిగుతాయి. మోటారు పీల్చేది ట్యాంకు అడుగు నుంచే. టూ స్ట్రోక్ కాబట్టి ఇంజన్ అరగకుండా పెట్రోల్లో మనం కలిపిన ఆయిల్ మాత్రం పైన పెట్రోల్లోనే ఉండిపోతుంది. మా ట్యాంకు అడుగున కూడా అలాంటిదే కనిపించింది. ఇప్పుడు రెండు మూడు వేటలకు సరిపడా మాత్రమే పట్టిస్తున్నాం. మధ్యలో నీళ్లు వేరుచేసే ఫిల్టర్ పెట్టించాం. ఆయిల్ బైకుది కాకుండా బోటు మోటార్లదే, మా మోటారుకు చెప్పిన కొలతలో లీటరుకు 20 మి.లీ. కలుపుతున్నాం. వేట నుంచి రాగానే పది నిమిషాలు మంచినీళ్లలో తిప్పుతున్నాం. నిషేధానికి ముందు కార్బొరేటర్‌లో చుక్క లేకుండా ఖాళీ చేస్తాం. ఇంపెల్లర్ ఏటా మారుస్తాం, స్పేర్ ఒకటి బోటులోనే ఉంటుంది.

సముద్రంలో మోటారు ఆగిపోయి సిగ్నల్ ఉంటే 1554కు ఫోన్ చేయండి, అది కోస్ట్ గార్డ్ నంబరు. ఆ రోజు మాకు అది తెలియదు. మోటారు కొత్తదైనా సరే, తెరచాప మాత్రం ఒడ్డున వదిలి వెళ్లకండి తమ్ముళ్లూ.