బ్రిటన్‌లో నేరం గుట్టు చెప్పాలంటే: 101కా, క్రైమ్‌స్టాపర్స్‌కా?

ఎదురింట్లో గంజాయి పెంచుతున్నారని అనుమానం. మీ పేరు బయటపడకూడదంటే క్రైమ్‌స్టాపర్స్‌కు ఫోన్ చేయండి, నంబరు 0800 555 111. 1988లో మొదలైన క్రైమ్‌స్టాపర్స్ పోలీసు శాఖ కాదు, స్వచ్ఛంద సంస్థ. పేరు అడగరు, ఫోన్ నంబరు ఆరా తీయరు. మీ ఆనవాళ్లేవీ లేకుండా సమాచారం మాత్రమే పోలీసులకు పంపుతారు. చిక్కల్లా, ఫోన్‌లో చెబితే పోలీసులు మిమ్మల్ని మళ్లీ అడిగే దారి లేదు. కాబట్టి "అక్కడేదో జరుగుతోంది" అంటే లాభం లేదు. ఇంటి నంబరు, వ్యాన్ రంగు, మనుషులు వచ్చిపోయే వేళలు, ఎప్పుడూ తెరవని కిటికీలు, అన్నీ ఆ ఒక్క ఫోన్‌లోనే చెప్పేయాలి. మీ ఒక్కరికే తెలిసిన సంగతి మాత్రం చెప్పకండి, దాంతోనే మిమ్మల్ని పోల్చేస్తారు.

మీ సైకిలే పోయిందా? అయితే 101, అత్యవసరం కాని విషయాలకు పోలీసుల ఫోన్ నంబరు. బీమాకు కావలసిన క్రైమ్ నంబరు (కేసు నంబరు) పోలీసులే ఇస్తారు. పేరు చెప్పక తప్పదు. దొంగ ఇంకా అక్కడే ఉంటే రెండూ వద్దు, అత్యవసర నంబరు 999.