సెక్షన్ 8 వోచర్‌తో వచ్చేవారికా, మామూలు అద్దెదారుకా: ఇల్లు ఎవరికిస్తే మేలు?

డాలస్ చుట్టుపక్కల ఇల్లు కొని అద్దెకిచ్చే మనవాళ్లకు ఎప్పుడో ఒకప్పుడు ఈ ఫోన్ వస్తుంది: "సెక్షన్ 8 తీసుకుంటారా?" సెక్షన్ 8 అంటే తక్కువ ఆదాయమున్నవారి అద్దెలో కొంత అమెరికా ప్రభుత్వం కట్టే పథకం, ఆ సాయానికి అర్హత ఇచ్చే పత్రమే వోచర్. చాలామంది ఠక్కున కాదనేస్తారు. టెక్సస్‌లో అలా అంటే నేరం కాదు. వోచర్ ఉందని ఇల్లు నిరాకరించకూడదంటూ నగరాలు నియమం పెట్టే వీల్లేకుండా 2015లో రాష్ట్రమే చట్టం చేసింది, మాజీ సైనికుల విషయం తప్ప. కాలిఫోర్నియాలోనో న్యూజెర్సీలోనో ఇదే మాటంటే చిక్కుల్లో పడతారు.

నా మటుకు నేను వోచరే మేలంటాను, ఒక షరతు మీద.

అద్దె 1,800 డాలర్లు, అద్దెకొచ్చినామెకు మినహాయింపులు పోను నెలకు 1,500 ఆదాయం అనుకుందాం. అందులో దాదాపు 30 శాతం, అంటే 450, ఆమె కడుతుంది. మిగతా 1,350 హౌసింగ్ అథారిటీ (ఈ పథకాన్ని స్థానికంగా నడిపే ప్రభుత్వ సంస్థ) నేరుగా మనకిస్తుంది. (కరెంటు బిల్లు ఎవరిదన్నదాన్ని బట్టి కాస్త అటూ ఇటూ.) ఆమెకు పనిగంటలు తగ్గి ఆదాయం 500కి పడిపోయిందనుకోండి. మామూలు అద్దెదారైతే ఫోనెత్తడం మానేస్తాడు. వోచర్ ఉంటే ఆమె వెళ్లి అథారిటీకి చెబుతుంది, లెక్క మళ్లీ కడతారు. ఆమె వాటా 150కి దిగి, అథారిటీది 1,650 అవుతుంది. మన 1,800 మనకొస్తుంది. పైగా ఏళ్లతరబడి వెయిటింగ్ లిస్టులో ఉండి తెచ్చుకున్న వోచరది. అద్దె ఎగ్గొట్టి దాన్ని పోగొట్టుకోవాలని ఎవరికుంటుంది?

మామూలు అద్దెదారు గెలిచేది మొదట్లోనే. క్రెడిట్ రిపోర్టు చూసి, డిపాజిట్ పుచ్చుకుని, వారంలో తాళాలిచ్చేయొచ్చు. వోచర్‌కైతే మనమడిగే అద్దె పక్కిళ్లతో పోలిస్తే సబబేనా అని చూస్తారు, ఆపైన ఇన్‌స్పెక్షన్. పొగ అలారం మోగకపోతే ఫెయిల్. బాగుచేసి మళ్లీ పిలవాలి. అందాకా ఇల్లు ఖాళీ, బ్యాంకు వాయిదా మాత్రం ఆగదు.

చేరాక కూడా తనిఖీలుంటాయి. మన వంతు రిపేరు సాధారణంగా 30 రోజుల్లో, ప్రాణం మీదకొచ్చేదైతే 24 గంటల్లో చేయించాలి. లేదంటే అథారిటీ డబ్బు ఆగిపోతుంది, ఆ లోటు అద్దెదారును అడగడానికి లేదు. "పైన ఇంకో వంద చేతికివ్వమ్మా" అనడమూ చట్టవిరుద్ధమే.

షరతు ఇదీ: రెండు నెలల వాయిదాలు పక్కన పెట్టుకోగలగాలి. అవి లేనివారు ఈసారికి మామూలు అద్దెదారుకే ఇచ్చుకోండి. ఎవరికిచ్చినా, వాళ్ల పాత యజమానికి ఫోన్ చేసి వాకబు చేసే పని మనదే. అథారిటీ డబ్బుకే గాని మనిషికి పూచీ ఉండదు.